పంటి వేరులో పూడికతీత

పన్ను నొప్పి ఎట్లా ఉంటుందో అనుభవించినవారికి చెప్పనవసరం లేదు. చల్లని నీళ్ళు తగిలితే జివ్వుమంటుంది. వేడి చాయ తగిలితే ప్రాణం విలవిలలాడుతుంది. రాత్రి పడుకున్నామంటే నొప్పి ఇంకా ఎక్కువవుతుంది. లవంగం పెట్టుకొని, ఉప్పునీళ్ళు పుక్కిలించి, నాలుగు రోజులు ఎట్లాగో గడుపుతాం. ఒకనాడు నొప్పి దానంతటదే మాయమవుతుంది. "హమ్మయ్య, తగ్గిపోయింది" అనుకుంటాం.

పిల్లలూ! నిజంగా తగ్గిందా?

చాలాసార్లు తగ్గదు. పంటి లోపల ఉండి నొప్పిని మెదడుకు తెలియజేసే నరం చచ్చిపోయి ఉంటుంది. కబురు తెచ్చే మనిషి లేనంతమాత్రాన పొరుగూరిలో అంతా క్షేమమని అనుకోవచ్చునా? లోపల కుళ్ళు పెరుగుతూనే ఉంటుంది. కొన్ని నెలలకో సంవత్సరాలకో వేరు చివర చీముగడ్డ లేస్తుంది, దవడ వాస్తుంది. అప్పుడు "పీకించేయండి" అంటారు పెద్దలు. మన పల్లెల్లో ఎంతోమంది నలభై ఏళ్ళకే దవడ పళ్ళు పోగొట్టుకోవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

పీకకుండా ఆ పన్నును కాపాడవచ్చు. ఆ చికిత్సనే రూట్ కెనాల్ చికిత్స అంటారు. పేరు మీరు వినే ఉంటారు. "నరం తీసేస్తారు, సిమెంటు పెడతారు" అని చాలామంది చెబుతారు. అందులో అసలు పని మాత్రం నరం తీయడం కాదు, సిమెంటు పెట్టడం కాదు. లోపలి సన్నని కాలువను శుభ్రం చేయడమే అసలు పని. అది ఎందుకంత కష్టమో, శాస్త్రజ్ఞులు ఆ కష్టాన్ని ఎట్లా దాటారో చూద్దాం.

పంటి లోపల ఏముంది?

పన్నుకు కిరీటం, గ్రీవం, మూలం అని మూడు భాగాలుంటాయని పాఠంలో చదువుకున్నారు. పైన ఎనామిల్ అనే పింగాణి పొర. మన శరీరంలో అన్నిటికన్న గట్టి పదార్థం ఇదే. దాని కింద డెంటైన్. అన్నిటికన్న లోపల పల్ప్ కుహరం. పల్ప్ అంటే రక్తనాళాలు, నరాలు, జీవకణాలు ఉన్న మెత్తని గుజ్జు. ఈ గుజ్జు పంటి వేరులోని సన్నని కాలువ గుండా కిందికి దిగి, వేరు చివరనున్న చిన్న రంధ్రం ద్వారా దవడ ఎముకలోని రక్తనాళాలతో కలుస్తుంది. ఆ కాలువే రూట్ కెనాల్. ముందు పళ్ళలో సాధారణంగా ఒకే కాలువ ఉంటుంది. కింది దవడ మొదటి చర్వణకంలో మూడో నాలుగో కాలువలుంటాయి. పై దవడ మొదటి చర్వణకానికి మూడు వేళ్ళున్నా, కాలువలు తరచుగా నాలుగు. ఆ నాలుగోది కంటికి చిక్కదు, వెతికి పట్టుకోవాలి.

వాచిన వేలు చుట్టూ చోటుంటుంది కనుక ఉబ్బుతుంది. పంటిలోని గుజ్జు చుట్టూ మాత్రం రాయిలాంటి గోడ ఉంది. వాచితే ఉబ్బే వీలులేక లోపల ఒత్తిడి పెరుగుతుంది. పన్ను నొప్పి అంత భయంకరంగా ఉండడానికి కారణమిదే.

పురుగు కాదు, సూక్ష్మజీవులు

పన్ను పుచ్చడానికి పురుగు కారణమని ప్రపంచమంతటా నమ్మేవారు. ఆకు పసరు పోసి పంటి పురుగు తీస్తామని చెప్పి, చేతిలో దాచిన పురుగును చూపించే మోసగాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఫ్రాన్స్ దేశపు దంతవైద్యుడు పియెర్ ఫోషార్ 1728లో ప్రచురించిన పుస్తకంలోనే, తనకు పంటిలో పురుగేదీ కనబడలేదని రాశాడు. విల్లోబీ మిల్లర్ అనే అమెరికన్ బెర్లిన్ నగరంలో పనిచేస్తూ, నోటిలోని సూక్ష్మజీవులు తీపి, పిండి పదార్థాలను ఆమ్లంగా మారుస్తాయనీ, ఆ ఆమ్లమే పన్నును కరిగిస్తుందనీ 1890లో వివరించాడు. 1894లో చచ్చిన పల్ప్‌లోనూ రకరకాల బాక్టీరియాలున్నట్లు చూపాడు.

అయితే గుజ్జును చంపేది సూక్ష్మజీవులేనా, లేక అందులో ఇరుక్కున్న అన్నం మెతుకులా? ఈ ప్రశ్నకు 1965లో అమెరికాలో కాకెహాషి, స్టాన్లీ, ఫిట్జెరాల్డ్ అనే ముగ్గురు ఒక అందమైన ప్రయోగంతో జవాబు చెప్పారు. పుట్టుకనుంచీ ఏ సూక్ష్మజీవీ సోకకుండా పెంచిన ఎలుకలను కొన్నింటిని, మామూలు ఎలుకలను కొన్నింటిని తీసుకున్నారు. రెండు గుంపుల ఎలుకల పళ్ళకూ పల్ప్ దాకా రంధ్రం చేసి, మూయకుండా వదిలేశారు. మేత రెండింటి పళ్ళలోనూ ఇరుక్కుంది. మామూలు ఎలుకల పల్ప్ కుళ్ళి, వేరు చివర చీము పట్టింది. సూక్ష్మజీవులు లేని ఎలుకల్లో పల్ప్ బతికే ఉంది. పైగా రంధ్రం మీద కొత్త డెంటైన్ వంతెనలాగా పెరిగి దాన్ని మూసింది! శత్రువు సూక్ష్మజీవే అని తేలిపోయింది. కనుక రూట్ కెనాల్ చికిత్స అంటే సూక్ష్మజీవులను, వాటికి ఆహారమయ్యే చచ్చిన గుజ్జును కాలువలోనుంచి తొలగించడమే.

బావి, దాని పక్క బోర్లు

వినడానికి తేలికగానే ఉంది. మరి కష్టమెక్కడ?

మన వైపు పాత వ్యవసాయ బావులు చూసే ఉంటారు. బావి ఎండితే పూడిక తీస్తారు. అడుగున గోడల్లోకి అడ్డంగా బోర్లు వేసినవీ ఉంటాయి. నడిమి పూడికను తట్టలకెత్తి పైకి లాగవచ్చు. కాని అడ్డంగా వేసిన బోరులో పేరుకున్న బురదను తట్టతో తీయగలమా? పంటి వేరూ అంతే. స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు వాల్టర్ హెస్ వేలకొద్దీ పీకిన పళ్ళను సేకరించి, వాటి కాలువల్లోకి రబ్బరును ఎక్కించి గట్టిపరచి, తరువాత పన్నును ఆమ్లంలో కరిగించాడు. పన్ను పోయి, లోపలి కాలువల ఆకారం మాత్రం రబ్బరు బొమ్మగా మిగిలింది. 1925లో ఇంగ్లీషులో వెలువడిన ఆయన గ్రంథంలోని చిత్రాలు చూసి దంతవైద్యులు ఆశ్చర్యపోయారు. ఒక నున్నని గొట్టం ఉంటుందనుకున్న చోట కొమ్మలు, రెమ్మలు, అడ్డదారులు, వలలు కనిపించాయి!

ఇది చాలదన్నట్లు డెంటైన్ గోడ నిండా సూక్ష్మ నాళికలున్నాయి. వాటి వెడల్పు సుమారు 1 నుండి 3 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. కాలువ పక్కన ఒక చదరపు మిల్లీమీటరు గోడలో ఇలాంటి నాళికలు వేలకు వేలు. చాలా బాక్టీరియాల వెడల్పు ఒక మైక్రాన్ లోపే కనుక అవి వాటిలో దూరి దాక్కోగలవు. అంతేకాదు, నీళ్ళ తొట్టి గోడకు పాచి పట్టినట్లు అవి గుంపుగా జిగురు పొర కట్టుకొని గోడను అంటిపెట్టుకుంటాయి. తొట్టిలో నీళ్ళు మార్చినంతమాత్రాన పాచి పోదు గదా!

ఆకురాయి చేసే పని

కాలువలోకి దిగే పనిముట్టును ఫైల్ అంటారు, ఆకురాయి అన్నమాట. 1838లో ఎడ్వర్డ్ మేనార్డ్ అనే అమెరికన్ గడియారపు స్ప్రింగును అరగదీసి ఇలాంటి పనిముట్టు చేశాడని చెబుతారు. ఇప్పటి ఫైళ్ళకు అంతర్జాతీయ కొలతలున్నాయి. 25వ నెంబరు ఫైలు మొన వెడల్పు 0.25 మి.మీ. మామూలు చేతి ఫైలు మొన నుండి పైకి పోయినకొద్దీ ప్రతి మిల్లీమీటరుకు 0.02 మి.మీ. చొప్పున లావవుతుంది. పనిచేసే భాగం పొడవు 16 మి.మీ. అయితే ఆ భాగం పైకొనలో వెడల్పెంత? లెక్క వేయండి: 16 × 0.02 = 0.32, దానికి 0.25 కలిపితే 0.57 మి.మీ.

ఎంత లోతు దిగాలో కూడా కచ్చితంగా తెలియాలి. తక్కువ దిగితే కుళ్ళు మిగులుతుంది, ఎక్కువ దిగితే దవడ ఎముకలో గుచ్చుకుంటుంది. ఎక్స్‌రేతో పాటు దీనికి విద్యుత్తు కూడా తోడ్పడుతుంది. పెదవి లోపలి పొరకు, వేరు చివర దాకా దిగిన ఫైలుకు మధ్య విద్యుత్ నిరోధం ఎవరి నోటిలోనైనా, ఏ పంటికైనా ఇంచుమించు 6,500 ఓములే ఉంటుందని జపాను దంతవైద్యుడు సునాడా 1962లో చూపాడు. మీరు భౌతికశాస్త్రంలో చదివే ఓమ్ నియమం పంటి లోతు కొలిచే పరికరానికి పునాది అయింది!

వంకర వేళ్ళలో ఉక్కు ఫైలు సరిగా వంగదు. నికెల్, టైటానియం కలిసిన మిశ్రలోహంతో చేసిన ఫైళ్ళు బాగా వంగుతాయని 1988లో వాలియా, బ్రాంట్లీ, గెర్‌స్టీన్ ప్రకటించారు. ఈనాడు మోటారుతో తిరిగే ఫైళ్ళు ఆ లోహానివే.

ఇంత చేసినా ఫైలు ఎంత గోడను తాకుతుంది? 2001లో పీటర్స్, ఆయన సహచరులు పళ్ళను సూక్ష్మ సి.టి. స్కానింగుతో పరీక్షించారు. ఏ పద్ధతిలో ఫైలు ఆడించినా కాలువ గోడలో 35 శాతమో అంతకన్న ఎక్కువో అంటకుండానే మిగిలింది! కాలువ అడ్డుకోత చాలాచోట్ల కోడిగుడ్డులాగానో, చీలికలాగానో ఉంటుంది. గుండ్రంగా తిరిగే ఫైలు మూలలకు చేరదు. కనుక ఫైలు దారి చేస్తుంది, అంతే. శుభ్రం చేయవలసింది ద్రవమే.

నల్లగొండ నీళ్ళ తొట్టి, పంటి కాలువ

మా మోత్కూరు 2016 అక్టోబరు దాకా నల్లగొండ జిల్లాలో ఉండేది. ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. ఈ ప్రాంతపు బోరునీటిలోని ఫ్లోరైడు సంగతి దేశమంతటికీ తెలుసు. 1970లలో నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ నీటిలోని ఫ్లోరైడును తగ్గించే ఒక చవక పద్ధతిని రూపొందించింది. దానికి మన జిల్లా పేరే పెట్టారు: నల్లగొండ పద్ధతి. అందులో వాడేవి మూడే: పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు. పటిక నీటిలో తెట్టెలు కట్టి ఫ్లోరైడును పట్టుకొని అడుగుకు చేరుతుంది. సున్నం క్షారగుణాన్ని సమకూర్చి తెట్టెలు కట్టడానికి సాయపడుతుంది. బ్లీచింగ్ పౌడరు సూక్ష్మజీవులను చంపుతుంది.

ఈ మూడింటిలో రెండింటి చుట్టాలు పంటి కాలువలోనూ పనిచేస్తాయంటే నమ్ముతారా?

బ్లీచింగ్ పౌడరులో పనిచేసేది కాల్షియం హైపోక్లోరైటు. దాని చుట్టమైన సోడియం హైపోక్లోరైటు ద్రావణం రూట్ కెనాల్ చికిత్సలో ముఖ్యమైన మందు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1915లో, హెన్రీ డేకిన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు దీని 0.5 శాతం ద్రావణాన్ని సైనికుల కుళ్ళిన గాయాలు కడగడానికి తయారుచేశాడు. ఇది చచ్చిన కణజాలాన్ని కరిగిస్తుంది, సూక్ష్మజీవులనూ చంపుతుంది. పంటి కాలువకు కావలసింది ఈ రెండు గుణాలే. అడ్డదారుల్లో చిక్కుకున్న గుజ్జును ఫైలు లాగలేదు. ఈ ద్రావణం కరిగించి తీసుకొస్తుంది. దంతవైద్యులు 0.5 శాతం మొదలు 5.25 శాతం దాకా వేర్వేరు గాఢతలలో దీన్ని వాడుతున్నారు.

స్వీడన్‌లో బిస్ట్రమ్, సుంద్‌క్విస్ట్ అనే ఇద్దరు 1981లో ఉప్పునీటితో కడుగుతూ ఫైలు ఆడించి చూశారు. సూక్ష్మజీవులు బాగా తగ్గాయి గాని, చాలా పళ్ళలో పూర్తిగా పోలేదు. 1983లో ఉప్పునీటికి బదులు 0.5 శాతం హైపోక్లోరైటుతో కడిగారు. ఫలితం స్పష్టంగా మెరుగైంది. ఫైలు ఒకటే, మారింది నీళ్ళే!

మురికి బావికి బ్లీచింగ్ పౌడరు ఎక్కువ పడుతుందని మీకు తెలుసు. మురికితో చర్య జరిపి క్లోరిన్ ఖర్చయిపోవడమే దానికి కారణం. పంటి కాలువలోనూ ద్రావణం త్వరగా సత్తువ కోల్పోతుంది. అందువల్ల ఒకసారి పోసి ఊరుకోకూడదు. ప్రతి ఫైలు తరువాతా కొత్త ద్రావణంతో మళ్ళీ మళ్ళీ కడగాలి.

అలుకు పొర, గాలి బుడగ

ఇంకా రెండు చిక్కులున్నాయి. ఫైలుతో గీకినప్పుడు వచ్చే డెంటైన్ పొడి తడితో కలిసి గోడ మీద అలుకులాగా అంటుకుంటుంది. దాని మందం ఒకటి రెండు మైక్రాన్లే. కాని నాళికల మూతులన్నీ మూసుకుపోతాయి. లోపల దాక్కున్న సూక్ష్మజీవులకు అది కోట తలుపు. హైపోక్లోరైటు దాన్ని తొలగించలేదు, ఎందుకంటే అందులో ఎక్కువ భాగం కాల్షియం లవణాలు. అందుకని ఇ.డి.టి.ఎ. అనే ద్రావణాన్ని వాడతారు. అది కాల్షియం అయానులను పట్టుకొని తనతో తీసుకుపోతుంది. దీన్ని 1957లో నార్వే దంతవైద్యుడు నైగార్డ్ ఓస్ట్‌బీ ఈ చికిత్సలో ప్రవేశపెట్టాడు.

రెండో చిక్కు గాలి. దీన్ని మీరే పరీక్షించవచ్చు. సిరా పూర్తిగా అయిపోయిన పారదర్శకమైన రీఫిల్లు ఒకటి తీసుకోండి. ముల్లు వైపు మైనంతో మూసి నిలువుగా పట్టుకోండి. పై కొనమీద రంగునీటి చుక్క వేయండి. చుక్క అక్కడే నిలుస్తుంది. లోపలి గాలి దాన్ని కిందికి రానివ్వదు. ఇప్పుడు ఒక సన్నని రాగితీగను లోపలికి దించి మెల్లగా పైకీ కిందికీ ఆడించండి. తీగ వెంట నీరు కిందికి జారడం, గాలి బుడగలుగా పైకి రావడం చూస్తారు. పంటి వేరు కూడా ఎముకలో దిగిన మూసిన గొట్టంలాంటిదే. సూది మొన దాటి ద్రావణం పెద్దగా ముందుకు పోదు. అందుకే సుమారు 0.3 మి.మీ. మందం గల సన్నని సూదిని లోతుకు దించి కడుగుతారు. తరువాత ద్రావణాన్ని కదిలిస్తారు. శ్రవణాతీత ధ్వనితో కంపించే తీగను అందులో ఉంచడం ఒక మంచి పద్ధతి. మన చెవికి వినబడే హద్దు సెకనుకు 20,000 కంపనాలు. ఈ తీగ సెకనుకు 25,000కు పైగా కంపిస్తుంది. ద్రావణం సుడులు తిరిగి గోడలకు, మూలలకు తాకుతుంది.

ఇక్కడ జాగ్రత్త కూడా ఎంతో అవసరం. హైపోక్లోరైటు చచ్చిన కణాన్నే కాదు, బతికిన కణాన్నీ కరిగిస్తుంది. ఒత్తి పోస్తే వేరు చివరి రంధ్రం దాటి భయంకరమైన నొప్పి, వాపు వస్తాయి. అందుకే సూదికి చివర కాక పక్కన రంధ్రం ఉంటుంది, సూదిని కాలువలో బిగుసుకోనివ్వరు, మెల్లగా పోస్తారు. నోటిలో పడకుండా పంటి చుట్టూ రబ్బరు తెర కడతారు. 1864లో శాన్‌ఫర్డ్ బార్నమ్ కనిపెట్టిన ఈ తెర, ఉమ్మిలోని కొత్త సూక్ష్మజీవులు కాలువలో పడకుండా కూడా కాపాడుతుంది. బావి కడుగుతూ ఉంటే పక్కనుంచి మురుగు పారకూడదు కదా! బ్లీచింగ్ ద్రావణాలతో మీరు ఇంట్లో ఏ ప్రయోగమూ చేయకండి. నోట అసలే పెట్టుకోకండి.

సున్నం కాపలా

చికిత్స ఒక్కరోజులో ముగియకపోతే మధ్యలో కాలువలో ఒక ముద్ద పెడతారు. అది కాల్షియం హైడ్రాక్సైడు, అనగా తడిసిన సున్నమే! జర్మనీకి చెందిన హెర్మన్ 1920లో దీన్ని దంతవైద్యంలో ప్రవేశపెట్టాడు. దీని పిహెచ్ సుమారు 12.5. అంతటి క్షారంలో చాలా బాక్టీరియాలు బతకలేవు. ఎంటరోకాకస్ ఫీకాలిస్ అనే మొండిది మాత్రం తట్టుకోగలదు. విఫలమైన చికిత్సల్లో అది తరచుగా కనిపిస్తుంది. సున్నం కాపలా కాస్తుందే గాని కడిగే పనికి బదులు కాదని దీనివల్ల తెలుస్తున్నది.

అంతా శుభ్రమయ్యాక కాలువను గట్టా పెర్చాతో నింపుతారు. ఇది మలయా ప్రాంతపు ఒక చెట్టు పాలు. ఒకప్పుడు సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫు తీగలకు దీన్నే తొడిగేవారు. ఆపైన పన్నును గట్టిగా పూడ్చి, దవడ పన్నైతే తొడుగు వేస్తారు. పైమూత వదులైతే ఉమ్మి మళ్ళీ లోపలికి దిగి, పడిన శ్రమంతా వృథా అవుతుంది.

మనం చేయవలసింది

మొదటి విషయం. మొదటిసారి వెళ్ళిరాగానే నొప్పి పోతుంది. "ఇక ఎందుకు, బస్సు చార్జీలు దండుగ" అని చాలామంది రెండోసారి వెళ్ళరు. నొప్పి పోవడం వేరు, శుభ్రం కావడం వేరు. తాత్కాలికపు మూత కొన్ని వారాలకు అరిగిపోతుంది. కాలువ మళ్ళీ సూక్ష్మజీవుల ఊరవుతుంది. మొదలుపెట్టిన చికిత్సను ముగించాలి. హైదరాబాదులో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. నార్కట్‌పల్లిలోనూ దంత వైద్య కళాశాల ఉంది.

రెండో విషయం. ఆరేళ్ళ వయసులో, పాలపళ్ళన్నిటి వెనుక, ఏ పన్నూ ఊడకుండానే ఒక దవడ పన్ను వస్తుంది. పాలపన్నేలే, ఊడిపోతుందిలే అని పెద్దలు పొరబడతారు. అది జీవితాంతం ఉండవలసిన మొదటి చర్వణకం. పోతే మళ్ళీ రాదు. మీ చెల్లెళ్ళు, తమ్ముళ్ళ నోరు తెరిపించి చూడండి. అక్కడ నల్లని గుంట కనబడితే ఇంట్లో చెప్పండి. గుంట ఎనామిల్‌లోనో డెంటైన్‌లోనో ఉన్నప్పుడే పూడిస్తే రూట్ కెనాల్ దాకా పోనే పోదు.

మూడో విషయం మన ప్రాంతం వారికి. ఫ్లోరైడు వల్ల వచ్చే పసుపు, గోధుమ రంగు మచ్చలు పుచ్చు కావు. అవి పన్ను తయారయ్యే చిన్నతనంలో ఏర్పడినవి. మచ్చ ఉన్నంతమాత్రాన పన్ను పాడైనట్లు కాదు, పీకించనవసరం లేదు. అలాగని "మన పళ్ళు ఎట్లాగూ ఇంతే" అని తోముకోవడం మానేయకూడదు. మచ్చలున్న పన్నూ నమలగలదు. దాని వేరూ కాపాడదగినదే.

పొలంలో బావి పూడితే ఎవరూ దాన్ని మన్నుపోసి మూయరు. పూడిక తీసి బాగుచేస్తారు. మీ ఇంట్లో ఎవరైనా పన్ను పీకించుకుంటానని బయలుదేరితే, "పీకకుండా కడిగి కాపాడే వీలుందేమో డాక్టరు గారిని ఒక్కమాట అడుగుదాం" అనండి. ఆ ఒక్క మాటతో ఒక పన్ను మరో ముప్ఫై ఏళ్ళు జొన్నరొట్టె నమలవచ్చు.